రేపల్లె బండిలో లీటరు నీళ్లు

తెనాలిలో బండి కదలకముందే గౌసియా లీటరు నీళ్లు తాగేసింది. దాహమై కాదు. ఆగి ఆగి, చేదు మందు మింగినట్టు, గుక్కగుక్కకీ పక్కనున్న అమ్మ మొహం చూస్తూ తాగి, ఖాళీ సీసాని అమ్మకి కనపడేలా కిటికీ దగ్గర నిలబెట్టింది. రెండో సీసా అమ్మ ఒళ్లో ఉంది. దాని మూత సీలు కూడా తెగలేదు. అమ్మ, జానీ బీ, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎవరో దాచి పెట్టమని ఇచ్చిన వస్తువులా భద్రంగా చూసుకుంటోంది. రేపల్లె గంట దూరం. ఈ గంటలో గౌసియా చెయ్యవలసిన పని ఒక్కటే, పైకి చెబితే పెట్టెలో జనం నవ్విపోతారు: కూర్చున్నచోటు నుంచి లేవకుండా, చీర కట్టుకుని పెద్దమనిషిలా కూర్చునే, నలుగురి మధ్యా ఒంటికి వెళ్లాలి. చీరకింద తను తయారుచేసిన డైపరే ఉంది. అమ్మ చీరకింద ఉన్నదీ అదే. అమ్మది తడవదు, ఎందుకంటే అమ్మ నిన్న సాయంత్రం నుంచి చుక్క ముట్టలేదు. తనది తడవాలి. నలభై మూడేళ్ల మనిషి ఒంటికి పోసుకోవడానికి ఇంత ఏర్పాటు చేసుకోవడం లోకంలో ఎక్కడన్నా ఉందా అనుకుంటే తనలో తనకే నవ్వొచ్చింది, ఆ నవ్వుకి పొత్తికడుపు కాస్త బిగిసింది, సరే, మంచి సూచనే అనుకుంది.

చినరావూరు దాటాక కిటికీలోంచి గాలి వచ్చింది. వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా పాకి ఉంది, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, ఈ మధ్య ఫిబ్రవరి కూడా ఫిబ్రవరిలా ఉండటం మానేసింది. గౌసియా అమ్మ పెదాల వంక చూసింది. పొడిబారి తెల్లగా పొట్టు లేచాయి, తడుపుకుందామంటే నాలుకే ఎండిపోయి ఉంది. పోయిన వేసవిలోనూ ఇవే పెదాలు. అప్పుడూ ఇలాగే నోరు కట్టేసుకుంది, పొద్దున ఒక గ్లాసు, పడుకునేముందు మందుబిళ్ల మింగడానికి రెండు గుక్కలు, అంతే, చివరికి చలిజ్వరం వచ్చి, మాట తడబడి, వారం రోజులు ఆస్పత్రిలో సెలైను. డాక్టరుగారు గౌసియాని పక్కకి పిలిచి, నీళ్లు తాగక మూత్రంలో చీము చేరిందమ్మా, ఇంకోసారి ఇలా జరిగితే కిడ్నీలు తట్టుకోవు, అన్నాడు. అమ్మకీ చెప్పాడు. అట్టాగేనండి, తాగుతానండి, అని అమ్మ బుద్ధిమంతురాలిలా తల ఊపింది, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. అత్తయ్యది మొండితనం అంటాడు మొగుడు వాజిద్. అల్లుడికి అంతకంటే ఎలా తెలుస్తుంది? లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి రాక మానవు, వచ్చేటప్పుడు చెప్పి రావు. దగ్గితే వస్తాయి, తుమ్మితే వస్తాయి, అన్నిటికన్నా అన్యాయం, నవ్వితే వస్తాయి. అందుకని అమ్మ నవ్వడం మానేసింది. నాలుగిళ్ల అవతలికి వినపడేలా నవ్వే మనిషి, ఇప్పుడు నవ్వొస్తే మోకాళ్లు దగ్గరికి లాక్కుని, పెదాలు బిగబట్టి, ముక్కుతో గాలి వదిలి ఊరుకుంటుంది. టీ మానేసింది. రోజుకి ఐదు టీలు తాగే మనిషి! నమాజూ మానేసింది, శుభ్రం నిలవని ఒంటితో ఎట్టా నిలబడనే అంటుంది, రోగానికి మినహాయింపు ఉందని మసీదు పెద్దాయన చేత చెప్పించినా చెవిన పెట్టలేదు. తెల్లారకముందే, అల్లుడు లేచేలోగా, తన చీర తనే జాడించి ఆరేసుకుంటుంది. ఆ నీళ్ల చప్పుడికి గౌసియాకి రోజూ మెలకువ వస్తుంది, కానీ కళ్లు తెరవదు. తెరిస్తే ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకోవాలి.

జంపనిలో బండి ఆగింది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరని ఇక్కడ ముక్కు ఎగబీల్చడం గౌసియాకి చిన్నప్పటి అలవాటు, తీపి వాసన వచ్చినా రాకపోయినా. మూడేళ్ల కిందట కూడా ఇక్కడ ముక్కు ఎగబీల్చింది, అమ్మ చూసి, ఇంకా చిన్నపిల్లవేంటే, అని పకపకా నవ్వింది. అప్పుడు వెళ్తున్నది రేపల్లెలో పెళ్లికి, మస్తాన్ బీ పెద్దమ్మ మనవరాలి పెళ్లి. అమ్మ మీగడరంగు పట్టుచీర కట్టుకుంది. ఫంక్షన్ హాల్లో ముందు వరసలో అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఎవరి మొగుడి సంగతో చెప్పుకుని పడీపడీ నవ్వుతుంటే, ఉన్నట్టుండి అమ్మ నవ్వు సగంలో తెగిపోయింది. ఆ మొహం గౌసియాకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది: చూపు ఎటో ఉంది, చెవులు మాత్రం తన ఒంటినే వింటున్నట్టున్నాయి. భోజనాలకి లేవండి లేవండి అన్నారు, అందరూ లేచారు, అమ్మ లేవలేదు. కుర్చీ కింద గచ్చు మీద సన్నగా తడి పాకుతోంది. గౌసియా ఏమీ ఆలోచించలేదు. పక్క బల్ల మీదున్న నీళ్ల జగ్గు అందుకుని, కాలు మడతపడినట్టు తూలి, జగ్గు మొత్తం అమ్మ ఒళ్లో వంపేసింది. అయ్యో అయ్యో అని గోల కూడా తనే చేసింది. కళ్లు నెత్తికెక్కాయంటే నీకు, పట్టుచీర తగలేశావు కదే గుడ్డిదానా, అని అమ్మ నలుగురిలో దులిపేసింది, నలుగురూ అమ్మనే ఓదార్చారు, గౌసియా తలొంచుకుని తిట్లు తింది. ఆ తిట్లకి ఎంత హాయి అనిపించిందో! తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. అమ్మకి తెలిసే తిట్టిందో, నిజంగానే తన అదృష్టం బాగుండి కూతురు తూలిందనుకుందో ఈ మూడేళ్లలో తేల్లేదు. తేలిందల్లా ఒక్కటే, అమ్మ ఆ తర్వాత ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. మోకాళ్ల నెప్పులని పెద్దమ్మకి చెప్పించింది. పెద్దమ్మ ఫోన్లో, నేనూ ముసలిదాన్నే, నాకూ మోకాళ్లున్నాయి, నాకు లేని నెప్పులు నీకేంటే, అని దెప్పేది. పోయిన నెలలో మాత్రం దెప్పలేదు. నాకు చూపు మసకబారుతోందే జానీ, పూర్తిగా పోయేలోగా ఒకసారి నీ మొహం చూపించిపో, అంది. ఆ రాత్రి అమ్మ అన్నం సగంలో లేచిపోయింది. మర్నాడు తనంతట తనే, నువ్వేదో చేస్తున్నావుగా ఫ్యాక్టరీలో, అది నాక్కూడా ఒకటి తీసుకురా, అంది గోడ వైపు చూస్తూ.

వేమూరు. ఇక్కడ వచ్చేసేలా ఉంది. పొత్తికడుపు రాయిలా బరువెక్కింది, బండి పట్టాలు మారినప్పుడల్లా కుదుపు అక్కడే తగులుతోంది, గౌసియా ఊపిరి వదిలేసి, భుజాలు వదిలేసి, కాళ్లు వదిలేసి, ఇంక పోనీ, పోనీ, అనుకుంది. పోదే! ఎదురుగా ఫోన్ చూసుకుంటున్న పెద్దాయన తలెత్తగానే లోపలెక్కడో తలుపు ఠపీమని మూసుకుంది. ఎవరు మూశారు దాన్ని? నేను మూయలేదే. బళ్లో చిటికెనవేలు చూపించి ఒంటికి సార్ అంటే ఇంటికెళ్లి పోసుకో అన్న మాస్టారు మూశాడేమో. బాత్రూం లేని టైలరు షాపులో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కుట్టిన పదకొండేళ్లు మూశాయేమో. బస్సులు, ఆఫీసుల వరండాలు, చీకటి పడేదాకా ఆగమన్న చుట్టాలిళ్లు. ఆడపిల్లకి నడక కంటే ముందు నేర్పే విద్య ఆపుకోవడం, దాన్ని నలభై ఏళ్లు సాధన చేసి చేసి, ఇప్పుడు ఒక్క పూట వదిలెయ్యమంటే ఒళ్లు మాట వింటుందా. మరి అదే పని అమ్మని చెయ్యమని ఎంత తేలిగ్గా చెప్పింది! ఏం కాదమ్మా, పీల్చేస్తుందమ్మా, నీకు తెలియను కూడా తెలియదు, అని. గౌసియాకి తన మీద తనకే కోపం వచ్చింది, కోపం వస్తే ఒళ్లు ఇంకా బిగుసుకుంది.

పీల్చడం మాత్రం అబద్ధం కాదు. అది ఆమెకి బాగా తెలుసు. నాన్న యాకూబ్ దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు, వీధిలో విల్లు టంగ్ టంగ్ మంటుంటే ఆ దూది మధ్యే పాకింది తను. పాత పరుపు విప్పితే ఎక్కడ పిల్లలు పక్క తడిపారో, ఎక్కడ పెద్దవాళ్లు చెమట పోశారో నాన్న చేత్తో తడిమి చెప్పేవాడు. ఏకిన దూది నీళ్లు తాగుతుంది, కానీ తాగినదాన్ని దాచుకోదు అమ్మాయ్, నొక్కితే కక్కేస్తుంది, అనేవాడు. దాచుకునేదాన్ని గౌసియా చాలా ఏళ్లకి మధుబాబు షెడ్డులో చూసింది. పసిపిల్లల డైపర్లు తయారుచేసే ఆ షెడ్డులో కటింగ్ మాస్టరుగా చేరిన మొదటి రోజు, ఆయన పంచదారలాంటి జెల్ పొడి చెంచాడు గ్లాసులో వేసి నీళ్లు పోశాడు, అది చూస్తూ ఉండగానే సగ్గుబియ్యం ఉడికినట్టు ఉబ్బి, గ్లాసు బోర్లించినా చుక్క రాల్చలేదు. ఆ రోజే నాన్న ఉంటే బాగుండేదనుకుంది. పెద్దవాళ్లకి కూడా చేద్దామని గౌసియా అన్నప్పుడు, ఆ పొడి, దూదిలాంటి కలపగుజ్జు కలిపి మధ్యలో పరిస్తే పని అయిపోయిందనుకున్నారు అందరూ. కానీ మనిషి నడుస్తాడు కదా. నడిస్తే ఆ పొడి అంతా ఒక మూలకి జారి ముద్దకడుతుంది, పాత పరుపులో దూదిలా. నాన్న పరుపుకి టాకాలు వేసేది ఎందుకు? దూది కదలకుండా. డైపర్‌కి సూదితో టాకా వేస్తే చిల్లుపడి కారుతుంది, అందుకని గౌసియా వేడి రేకుతో నొక్కి గీతలు పెట్టింది, నిలువుగా నాలుగు, అడ్డంగా రెండు, నీళ్లు కాలవల్లో పారినట్టు ఆ గీతల వెంట చివరిదాకా పారి అప్పుడు ఇంకుతాయి. కొలతల దగ్గర ఇంకో తంటా. షాపులో దొరికేవి మంచంలో పడుకున్నవాళ్లకి చేసినవి. మొదటిసారి ఒకటి తెచ్చి ఇస్తే అమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి, నేనింకా మంచాన పడలేదే, అంది. కట్టుకుని నాలుగడుగులు వేస్తే గరగరమని చప్పుడు. వీధి చివర్నుంచి నేనొస్తున్నానని తెలుస్తుంది, అని విప్పి పారేసింది. అమ్మ కింద బాసింపట్టు వేసుక్కూర్చుంటుంది, కత్తిపీట ముందు ఒంటికాలి మీద కూర్చుంటుంది, లంగా బొందు పైన చీర దోపుకుంటుంది, తొడ దగ్గర సందు పడని కోత కావాలి, ఎలాస్టిక్ బిగిసి గీత పడకూడదు, పైపొర చప్పుడు చెయ్యకూడదు. జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది, చంకలో ముడత పడకుండా కొయ్యగలిగిన చేతికి తొడ దగ్గర మడత ఒక లెక్కా! పదిహేడుసార్లు కోసింది. బల్ల మీద పరిచి, మూత్రానికి బదులు గరాటుతో ఉప్పునీళ్లు పోసి, ఎన్ని సెకన్లలో ఇంకుతున్నాయో చూసి, పైన కాగితం పెట్టి బరువు పెట్టి నొక్కి చూసింది, కాగితం పొడిగా వచ్చింది. బల్లకి సిగ్గు ఉండదన్న సంగతి అప్పటికి తట్టలేదు.

తట్టింది బాపట్లలో. పోయిన గురువారం. చర్చివాళ్లు నడిపే ఆడవాళ్ల వృద్ధాశ్రమం, దాన్ని చూసుకునే హెలెన్‌గారు రిటైరైన నర్సు, నవ్వుతూనే నిజం మొహాన చెప్పే మనిషి. అంతకుముందే అక్కడ పదిమంది మామ్మలకి తలా నాలుగు ఇచ్చి వచ్చింది గౌసియా, వాడి చూసి ఎలా ఉన్నాయో కాగితం మీద రాయించమని. రెండు వారాలకి పది కాగితాలూ వచ్చాయి. పదింటిలోనూ బాగుంది, చాలా బాగుంది. రాజమ్మగారైతే వేలిముద్ర పక్కన దేవుడు నిన్ను దీవించును గాక అని కూడా రాయించింది. గౌసియా ఆ కాగితాలు తలగడ కింద పెట్టుకుని పడుకుంది, కాకిపిల్ల కాకికి ముద్దు అంటారుగానీ ఊరందరికీ ముద్దొచ్చిందంటే ఇంకేం కావాలి. మధుబాబు, ఇంకేం అక్కా, సోమవారం ఈ కొలతకి కటింగ్ రోలరు చెయ్యమని చెప్పేస్తాను, అన్నాడు. గురువారం హెలెన్‌గారు ఫోన్ చేసి, ఒకసారి వచ్చిపో గౌసియా, అంది. వెళ్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రాజమ్మగారి ట్రంకుపెట్టె తెరిపించింది. పండక్కి కట్టుకునే తెల్లచీర, దానికింద బైబిలు, దానికింద నాలుగు డైపర్లు, ఇస్త్రీ చేసినట్టు మడిచి, మధ్యలో కలరా ఉండలు వేసి.

"ఇదేంటి మామ్మా, వాడలేదా?"

"ఎట్టా వాడతాను తల్లీ, ఎంత మెత్తగా ఉన్నాయి, పసిగుడ్డు పొత్తిగుడ్డల్లాగా. నువ్వు చేత్తో చేసి తెచ్చావు. అయ్యి పాడు చెయ్యడానికి చేతులెట్టా వస్తాయి?"

"మరి బాగుందని రాయించారు కదండీ."

"బాగున్నాయి గదమ్మా," అంది రాజమ్మగారు, ఇందులో అడగటానికేముందన్నట్టు.

పదిమందిలో తొమ్మిదిమందివీ పెట్టెల్లోనే ఉన్నాయి. వాడింది ధనమ్మగారు ఒక్కతే, ఆవిడకి తన పేరే గుర్తుండదు. వాడినవి తిరిగి తీసుకుని తూకం వెయ్యమని మధుబాబు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు, అంత పెద్దవాళ్లని మీరు తడిపినవి నాకివ్వండి అని అడగటానికి గౌసియాకి నోరు రాలేదు. నువ్వు అడగలేదు, వాళ్లు వాడలేదు, మొహమాటానికి పోయి అందరూ కలిసి దాన్ని దేవుడి గదిలో పెట్టినంత పని చేశారు, అని హెలెన్‌గారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. గౌసియాకి మాత్రం బస్సెక్కేదాకా నవ్వు రాలేదు. బస్సులో నాన్న గుర్తొచ్చాడు. కుట్టిన పరుపు మీద ఒక పూట తను పడుకోకుండా ఎవరింటికీ చేర్చేవాడు కాదు. పాత దుప్పటి పరుచుకుని, ఈ పక్కకి ఒకసారి, ఆ పక్కకి ఒకసారి, వెల్లకిలా ఒకసారి, ఎక్కడో నడుం కింద గడ్డ తగిలిందంటే లేచి ఆ కుట్టంతా విప్పేసేవాడు. వాళ్లకి తెలియదు కదయ్యా, ఇచ్చెయ్, అని అమ్మ అంటే, నా నడుముకి తెలుసుగా, అనేవాడు. తను ఏం చేసింది? కట్టుకుంది, నిజమే, రోజంతా కట్టుకుని కూర్చుంది, లేచింది, మిషను తొక్కింది. అన్నీ పొడిగా. పడుకుని చూడని పరుపు, తన అమ్మకి వేసింది.

అందుకే ఈ లీటరు నీళ్లు. పెనుమర్రు ఎప్పుడు దాటిందో తెలియలేదు. మజ్జిగ ప్యాకెట్ల మనిషి వచ్చాడు, ఎదుటి సీట్లో సపోటాల గంపతో కూర్చున్నావిడ రెండు కొని, ఒకటి అమ్మ ముందుకి చాపింది.

"తీసుకోండి పెద్దమ్మా, ఎండ మండిపోతోంది."

"వద్దమ్మా. నాకు మజ్జిగ పడదు."

అమ్మకి పడనిదంటూ ఏదీ లేదు. కుండలో మజ్జిగ కుండతో ఎత్తి తాగిన మనిషి. ఆవిడ ప్యాకెట్టు కొరికి తాగుతుంటే అమ్మ చూపు ఒక్క క్షణం ఆ గొంతు మీద నిలిచింది, గుటక పడినప్పుడు అమ్మ గొంతు కూడా కదిలింది, వట్టి గుటక. గౌసియా మొహం తిప్పుకుంది. ఏడుపు వచ్చేలా ఉంది. ఇంత చేసి, ఇన్ని కోతలు కోసి, పక్కన కూర్చున్న మనిషి చేత ఒక్క గుక్క తాగించలేకపోతే తనదేం పనితనం. సాయంత్రం దాకా ఇలాగే ఉంటుంది, రేపల్లెలో ఎండన పడి అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, రాత్రికి జ్వరం. వదులు, వదిలెయ్, అని తన ఒంటిని తనే తిట్టింది. ఒళ్లు విననే లేదు, నొప్పి మాత్రం నడుంలోకి పాకింది.

భట్టిప్రోలులో సపోటాలావిడ దిగింది, ఫోన్ పెద్దాయనా దిగాడు, ఆ చివర కిటికీ దగ్గర ఇద్దరు నిద్రపోతున్నవాళ్లు తప్ప చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇంక ఎవరిని చూసి సిగ్గు? అయినా రాలేదు. ఇంక పావుగంట. గౌసియా చెమట తుడుచుకుంటుంటే అమ్మ చూసింది.

"ఏంటే అట్టా మెలికలు తిరుగుతున్నావు? కడుపునెప్పా?"

"కాదమ్మా."

"మరి లేచి వెళ్లిరా. అదిగో, ఆ చివర ఉందిగా."

"అక్కడికి కాదు," అంది గౌసియా, తర్వాత ఇంక దాచడం చేతకాక, అమ్మ చెవి దగ్గరికి వంగి మొత్తం చెప్పేసింది, తనూ కట్టుకుందని, లీటరు నీళ్లు అందుకే తాగిందని, అమ్మకి చూపించాలని, బాపట్లలో ఎవ్వరూ వాడలేదని, బండెక్కినప్పటినుంచీ చూస్తోందని. "రావట్లేదమ్మా. ఎంత చూసినా రావట్లేదు," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

జానీ బీ చాలాసేపు కూతురి మొహంలోకి చూసింది. ఇది నా కడుపున పుట్టిందేనా అన్నట్టు చూసింది. పల్లికోన స్టేషను వచ్చి వెళ్లింది. తర్వాత ఆ ముసలామె అటూ ఇటూ ఒకసారి చూసి, కొంగు తల మీదికి లాక్కుని, కూతురి చెవికి నోరు ఆనించి, మెల్లగా, పళ్ల సందునుంచి గాలి వదిలింది. "స్స్స్స్..." ఆగి మళ్లీ, "స్స్స్స్..." గౌసియాకి ముందు అర్థం కాలేదు. ఒంటికి అర్థమైంది. కాళ్లు చాపుక్కూర్చున్న అమ్మ, ఆ రెండు పాదాల మీద కూర్చోబెట్టిన తను, వీపుకి ఆనిన అమ్మ మోకాళ్లు, తడి మట్టి వాసన, గుర్తులు కూడా కావు అవి, గుర్తుండే వయసు కాదు అది. మాస్టారు లేడు, టైలరు షాపు లేదు, బస్సులు లేవు, వాటన్నిటికీ ముందున్న చప్పుడు ఇది, దీని మాట వినకపోవడం ఒంటికి రాదు. తలుపు తెరుచుకుంది. వెచ్చగా, ఆగకుండా, ఒక నిమిషం, ఇంకో నిమిషం, గౌసియా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది, అమ్మ ఆపకుండా స్స్స్ అంటూనే ఉంది. వెచ్చదనం ముందుకి పోలేదు, పక్కలకి పోలేదు, నాలుగు గీతల వెంట పారినట్టు పారి ఎక్కడికో ఇంకిపోయింది. కాసేపటికి కింద కొంచెం బరువు, అంతే.

"అయిందా?" అంది అమ్మ.

గౌసియా తలూపింది.

జానీ బీ నమ్మలేదు. ఎడమచెయ్యి కూతురి తొడకిందికి పోనిచ్చి సీటు తడిమింది, ఉయ్యాల్లో పిల్లకింద గుడ్డ తడిమే తీరు, అరచెయ్యి తిప్పి వేళ్ల వెనకవైపుతో. చీర కూడా తడిమింది. చెయ్యి తీసి వెలుగులో చూసుకుంది, బొటనవేలితో వేళ్లు రుద్దుకుంది.

"పొడిగానే ఉందే," అంది ఆశ్చర్యంగా. ఉన్నట్టుండి, "ఆ రోజు పెళ్లిలో జగ్గు నువ్వు కావాలనే వంపావు కదూ," అంది.

గౌసియా చప్పున తల తిప్పింది. "నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటే. తూలేదానివి చెప్పు కూడా జారకుండా తూలావు." జానీ బీ పెదాలు బిగబట్టింది. "పైగా నేను నిన్ను గుడ్డిదానా అన్నానే అందరిలో. నువ్వు బుర్రొంచుకుని నిలబడ్డావు, గొర్రెపిల్లలా." పెదాలు ఆగలేదు. ముక్కులోంచి గాలి వచ్చింది, భుజాలు కదిలాయి, "ఇప్పుడేమో లీటరు నీళ్లు తాగి, రాలేదమ్మా అని ఏడుస్తావు," అంది, ఇంక అమ్మ వల్ల కాలేదు. మూడేళ్లనుంచి లోపలే ఉండిపోయిన నవ్వు ఆ పెట్టెంతా మోగింది, చివర నిద్రపోతున్నవాళ్లు లేచి చూశారు. గౌసియా కూడా నవ్వుతూ, ఏడుస్తూ, అమ్మ నవ్వు సగంలో తెగిపోవడం చూసింది. అదే మొహం. చూపు ఎటో, చెవులు తన ఒంటి మీద. ఒళ్లోని సీసా పక్కన పెట్టి, జానీ బీ చెయ్యి మెల్లగా తన కిందికి పోయింది, ఎక్కువసేపే తడిమింది, పొడిగానే వచ్చింది. ఆ అరచేతిని ఒళ్లో పెట్టుకుని ఇంకొకరి చేతిని చూసినట్టు చూసుకుంది.

తర్వాత అదే చేత్తో సీసా తీసుకుంది. మూత తిప్పబోతే వేళ్లకి బలం చాల్లేదు, గౌసియా సాయం పట్టబోయింది, ఉండవే అని విదిలించి తనే పంటితో పట్టి సీలు తెంపింది. బిస్మిల్లా అనుకుని సీసా ఎత్తింది. గుక్క మింగి ఆగింది, మళ్లీ ఒక గుక్క, ఇంక ఆగకుండా సగం సీసా, గడ్డం వెంట కారినవి జాకెట్టు తడిపినా లెక్కచెయ్యలేదు. బయట రేపల్లె మేడలు కనపడటం మొదలయ్యాయి, బండి నెమ్మదించింది.

"పెద్దమ్మకి ఫోన్ కొట్టు," అంది జానీ బీ మూతి తుడుచుకుంటూ. "దిగుతున్నామని చెప్పు. టీ పెట్టి ఉంచమను. గ్లాసు పెద్దది పెట్టమను."